పని రాని మేనేజర్ కింద ఇరుక్కుంటే మన పేరు చెడకుండా నెట్టుకురావడం ఎలా

మాదాపూర్ లో గానీ నానక్‌రామ్‌గూడలో గానీ ఏ ఫుడ్‌కోర్ట్ లో కూర్చున్నా పక్క టేబుల్ నుంచి ఒక మాట ఖచ్చితంగా వినపడుద్ది, "మా మేనేజర్ కి ఏమీ తెలీదు రా, మళ్ళీ తప్పంతా మా మీదే తోస్తాడు" అని. ఆ బాధ నిజమైనదే, తక్కువ చేసి మాట్లాడట్లేదు, రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని రిలీజ్ చేసినవాడికి పొద్దున పైవాళ్ళకి ఫిర్యాదుగా వెళ్ళే ఎస్కలేషన్ మెయిల్ లో తన పేరే కనపడితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. కానీ ఎంత తిట్టుకున్నా సోమవారం పొద్దున టీమ్ మీటింగ్ లో, అదే స్టాండప్ లో, ఏమీ మారదు. ఆయన్ని మార్చడం మీ చేతిలో లేదు. ఆయన చెయ్యాల్సిన పనిలో మీకు అవసరమైన ముక్క ఏదో చూసుకుని, దాన్ని మీరే చేసి, రాతలో పెట్టుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది, అది కూడా ఆయన పరువు తియ్యకుండా. కింద చెప్పేదంతా ఇదే. ఐటీ సర్వీస్ కంపెనీలని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే.

ముందు ఒక విషయం తేల్చుకోండి, ఆయనకి నిజంగా పని రాదా, లేక మీకు తెలిసిన పని రాదా. కోడ్ రాకపోవడం పెద్ద లోపం కాదు. జావా ముక్క రాకపోయినా క్లయింట్ దగ్గర డేట్ కోసం గట్టిగా నిలబడి, లీవ్ అడిగితే ఇచ్చి, అప్రైజల్ లో టీమ్ కోసం కొట్లాడే మేనేజర్లు ఉంటారు, అలాంటివాళ్ళు దొరికితే వదులుకోవద్దు. పని రాకపోవడం అంటే వేరే. నిర్ణయం అడిగితే "చూద్దాం" అని పది రోజులు నానబెట్టడం, క్లయింట్ ఏది అడిగినా కాల్ లోనే సరే అనెయ్యడం, టీమ్ లో ఎవరు ఏం చేస్తున్నారో తెలియకపోవడం, భయంతో గంటకోసారి స్టేటస్ అడగడం. చాలామందిలో ఇవి కలగలిసే ఉంటాయి గానీ మీ మేనేజర్ లో ఏది ఎక్కువో ఒక వారం గమనించండి, ఎందుకంటే ఒక్కోదానికి మందు వేరు.

ఇలాంటివాళ్ళు ఎలా మేనేజర్లు అవుతారు అంటే, మన సర్వీస్ కంపెనీల్లో ఎనిమిదేళ్ళో పదేళ్ళో దాటాక జీతం పెరగాలంటే చాలాచోట్ల మేనేజ్‌మెంట్ వైపు వెళ్ళక తప్పదు, మంచి డెవలపర్ ని లీడ్ చేస్తారు, లీడ్ ని మేనేజర్ చేస్తారు, ఎస్టిమేషన్ ఎలా వెయ్యాలి, క్లయింట్ కి కాదు అని ఎలా చెప్పాలి, ఒక మనిషికి రేటింగ్ ఎలా ఇవ్వాలి అనేది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. నిన్నటిదాకా బ్యాంకింగ్ టెస్టింగ్ చూసుకున్నాయన్ని ఇవాళ హెల్త్‌కేర్ డెవలప్‌మెంట్ ప్రాజెక్ట్ మీద కూర్చోబెడతారు. ఇది తెలిస్తే ఆయన తప్పు ఒప్పు అయిపోదు, కానీ మీ కోపం కొంచెం తగ్గి బుర్ర పనిచేస్తుంది. మన మీద పగతో చేస్తున్నాడు అనుకున్నంతసేపూ పనికొచ్చే ఆలోచన రాదు.

అన్నిటికీ సరే అనే మేనేజర్

టీమ్ ని ఎక్కువగా నలిపేది ఇదే కాబట్టి దీని గురించి వివరంగా చెప్తా. ఒక ఉదాహరణ తీసుకోండి. మంగళవారం రాత్రి ఏడున్నరకి క్లయింట్ కాల్, శుక్రవారం రిలీజ్, రిగ్రెషన్ టెస్టింగ్, అంటే పాతవన్నీ చెడకుండా పనిచేస్తున్నాయా అని చూడడం, మొదలైపోయింది. క్లయింట్ వైపు నుంచి ఒకావిడ "రిఫండ్ రిపోర్ట్ కూడా ఈ రిలీజ్ లోనే ఇస్తారా" అని అడుగుతుంది, మీ మేనేజర్ ఒక్క క్షణం ఆలోచించకుండా "ష్యూర్, చేసేద్దాం" అంటాడు. మీరు మ్యూట్ లో ఉన్నారు. ఆ రిపోర్ట్ కి కనీసం మూడు రోజులు పడుతుందని మీకు తెలుసు.

అక్కడ మ్యూట్ తీసి మాట్లాడాలి. క్లయింట్ ముందు మేనేజర్ ని కాదనకూడదు, కానీ డేట్ ని మాత్రం పట్టుకోవాలి. "చేస్తాం, రిగ్రెషన్ ఆల్రెడీ నడుస్తోంది కాబట్టి దీని డేట్ రేపు సాయంత్రానికి కన్ఫర్మ్ చేస్తాం" అంటే చాలు. ఇందులో మేనేజర్ మాట పోలేదు, క్లయింట్ కి కాదు అని చెప్పలేదు, శుక్రవారం అన్న మాట మాత్రం ఇంకా ఖాయం కాలేదు. ఆ క్షణంలో ఊరుకుని తర్వాత మేనేజర్ దగ్గరకెళ్ళి గోల పెడితే లాభం తక్కువ, ఎందుకంటే క్లయింట్ అప్పటికే తన పైవాళ్ళకి చెప్పేసి ఉంటుంది.

కాల్ అయిన పావుగంటలో మెయిల్ పడాలి. ఇంగ్లీష్ లోనే రాస్తారు కదా, విషయం మాత్రం ఇలా ఉండాలి:

"ఇవాళ్టి కాల్ లో రిఫండ్ రిపోర్ట్ అడిగారు. దీనికి డెవలప్‌మెంట్ రెండు రోజులు, టెస్టింగ్ ఒక రోజు. ఒకటి, శుక్రవారం రిలీజ్ అనుకున్నట్టే వెళ్ళి రిపోర్ట్ వచ్చే బుధవారం ఇవ్వచ్చు. రెండు, రెండూ కలిపి ఇవ్వాలంటే రిలీజ్ బుధవారానికి జరపాలి. మొదటిదే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పేమెంట్ మాడ్యూల్ మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. రేపు మధ్యాహ్నం 2 లోపు మీరు వేరేగా చెప్పకపోతే శుక్రవారం రిలీజ్ పనే కంటిన్యూ చేస్తాం."

ఈ మెయిల్ లో ఎక్కడా మేనేజర్ తప్పు చేశాడని లేదు. "నేను ముందే చెప్పాను కదా" లాంటి వాక్యం ఒక్కటి పడినా మెయిల్ మొత్తం పాడవుద్ది, ఆయన డేట్ సంగతి వదిలేసి తన ఈగో కాపాడుకునే పనిలో పడతాడు. టూ లో మేనేజర్, సీసీ లో మీ లీడ్, అంతే. డెలివరీ హెడ్ ని మొదటి మెయిల్ లోనే సీసీ పెట్టడం అంటే యుద్ధం ప్రకటించినట్టే, దానికి ఇంకా టైమ్ ఉంది. ఇక చివర్లో పెట్టిన "మీరు వేరేగా చెప్పకపోతే" అన్న లైన్, నిర్ణయాలు తీసుకోని మేనేజర్లకి దీనికి మించిన మందు లేదు, ఆయన ఏమీ చెయ్యకపోయినా పని ఆగదు. కాకపోతే ఒక హద్దు ఉంది. అలా డిఫాల్ట్ గా పెట్టేది ఎప్పుడూ రిస్క్ లేని పనే అయ్యుండాలి. ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ (క్లయింట్ వాడే అసలు సిస్టమ్ లో కోడ్ పెట్టడం), డబ్బు ఖర్చు, క్లయింట్ డేటా, ఈ మూడిట్లో ఏదున్నా జవాబు రాకుండా ముందుకెళ్ళకండి, తర్వాత మిమ్మల్ని కాపాడే మెయిల్ ఏదీ ఉండదు.

ఇంకో సంగతి, మీ ప్రాజెక్ట్ ఫిక్స్‌డ్ బిడ్, అంటే మొత్తం పనికి ముందే ఒక ధర ఒప్పుకున్నది, అయితే ఇలా కాల్ లో ఒప్పుకున్న ప్రతి పనీ కంపెనీ జేబులోంచి పోయే డబ్బే. స్కోప్ లో, అంటే మొదట ఒప్పుకున్న పనిలో, లేనిదానికి ఛేంజ్ రిక్వెస్ట్ వెయ్యాలి, గంటలు లెక్కకట్టి క్లయింట్ అప్రూవల్ తీసుకోవాలి. చాలామంది డెవలపర్లు ఇది మేనేజర్ గోల కదా అని వదిలేస్తారు. మీరు ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడే "ఇది ఒరిజినల్ స్కోప్ లో లేదు, ఛేంజ్ రిక్వెస్ట్ వెయ్యాలా" అని ఒక్క ప్రశ్న రాసి పెట్టండి. రేపు మార్జిన్ ఎందుకు పడిపోయిందని పైన అడిగినప్పుడు ఈ ఒక్క లైన్ చాలా మాట్లాడుతుంది.

నిర్ణయం రాదు, స్టేటస్ మాత్రం గంటకోసారి

నిర్ణయం తీసుకోలేని మనిషి దగ్గరకి "ఇప్పుడేం చేద్దాం సర్" అని వెళ్ళకండి. దానికి ఆయన దగ్గర జవాబు లేదు, ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు. రెండు దారులు, మీరు ఏది అంటున్నారు, ఎప్పటిలోగా కావాలి, ఈ మూడూ పట్టుకుని వెళ్ళండి. వెళ్ళే టైమ్ కూడా ముఖ్యం. క్లయింట్ కాల్ కి అరగంట ముందు వెళ్తే జవాబు దొరుకుద్ది, ఎందుకంటే ఆ కాల్ లో ఆయన ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి అప్పుడు మీ మాట ఆయనకే అవసరం. శుక్రవారం సాయంత్రం వెళ్తే సోమవారం చూద్దాం అంటాడు, ఆ సోమవారం ఎప్పటికీ రాదు.

గంటగంటకీ "స్టేటస్?" అని టీమ్స్ చాట్ లో పింగ్ చేసేవాళ్ళది ఎక్కువగా భయం. పైన ఎవరో అడుగుతారు, ఏం చెప్పాలో తెలీదు, మనల్ని అడుగుతారు. అడక్కముందే పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి మూడు లైన్లు పంపండి, ఏం అయింది, ఏం నడుస్తోంది, ఎక్కడ ఆగింది. ఆయన మార్చకుండా పైకి ఫార్వర్డ్ చేసుకునేలా రాయండి. "ఎన్‌పీఈ వస్తోంది, స్టాక్ ట్రేస్ చూస్తున్నా" అని రాస్తే ఆయనకి అర్థం కాదు, మళ్ళీ ఫోన్ చేస్తాడు. "లాగిన్ తర్వాత ఎర్రర్ వస్తోంది, కారణం దొరికింది, 4 గంటలకి ఫిక్స్ టెస్టింగ్ కి ఇస్తాం" అంటే అదే లైన్ పైకి పోతుంది. కొన్నాళ్ళు పట్టి చేస్తే పింగ్ లు బాగా తగ్గుతాయి. తగ్గకపోతే అది భయం కాదు, మీ మీద నమ్మకం లేకపోవడం, అప్పుడు "మీకు ఏ టైమ్ కి ఏ ఫార్మాట్ లో అప్‌డేట్ కావాలో చెప్పండి, అలాగే ఇస్తా" అని నేరుగా అడగండి.

ప్రొడక్షన్ పడిపోయినప్పుడు

తప్పు ఎవరి మీద పడుతుందో తేలేది ఇక్కడే, అందుకే రెండు ముక్కలు. ఇష్యూ వచ్చిన క్షణం నుంచి టైమ్ తో సహా నోట్ చేసుకుంటూ పోండి, 11:10 కి అలర్ట్, 11:25 కి డేటాబేస్ టీమ్ ని పిలిచాం, 11:50 కి రోల్‌బ్యాక్ కి, అంటే పాత వెర్షన్ కి వెనక్కి వెళ్ళడానికి, అప్రూవల్ అడిగాం, 12:40 కి అప్రూవల్ వచ్చింది, ఇలా. మర్నాడు ఆర్‌సీఏ, అంటే అసలు కారణం ఏంటో చెప్పే రిపోర్ట్, రాయాలి అన్నప్పుడు అందరూ తప్పించుకుంటారు, మీరు మాత్రం "డ్రాఫ్ట్ నేను రాస్తాను" అనండి. ఎక్స్‌ట్రా పనే, కానీ మొదటి డ్రాఫ్ట్ లో ఏముంటే చివరిదాకా దాదాపు అదే ఉంటుంది, తర్వాత వచ్చేవాళ్ళు మాటలు మారుస్తారు గానీ టైమ్‌లైన్ మార్చరు. ఎవరి పేరూ రాయక్కర్లేదు. అప్రూవల్ కి 50 నిమిషాలు పట్టింది అన్నది అక్కడ ఉంటే చాలు, లేకపోతే "టీమ్ సరిగ్గా టెస్ట్ చెయ్యలేదు" అనే ఒక్క వాక్యంలో మీ రాత్రంతా కొట్టుకుపోద్ది.

అప్రైజల్

పని రాని మేనేజర్ వల్ల జరిగే అసలు నష్టం ఇక్కడ జరుగుతుంది, చాలామందికి ఇది అర్థమయ్యేసరికి లెటర్ వచ్చేస్తుంది. మీ మేనేజర్ ఒక్కడే మీ రేటింగ్ ఇచ్చేస్తాడు అనుకోవద్దు. పెద్ద కంపెనీల్లో మేనేజర్లంతా కూర్చుని రేటింగ్ లు సర్దుకునే మీటింగ్ ఒకటి ఉంటుంది, నార్మలైజేషన్ అనో కాలిబ్రేషన్ అనో అంటారు, బెల్ కర్వ్ లో పట్టాలి, అంటే మంచి రేటింగ్ లు ఇంతమందికే అని లెక్క ఉంటుంది కాబట్టి ఒకరికి పెరగాలంటే ఇంకొకరికి తగ్గాలి. ఆ గదిలో పక్క మేనేజర్ "మా అమ్మాయి క్లయింట్ బిల్లింగ్ ఇష్యూ సాల్వ్ చేసింది, వాళ్ళ డైరెక్టరే మెయిల్ పెట్టాడు" అంటాడు. మీ మేనేజర్ ని అడిగితే "హార్డ్ వర్కింగ్, గుడ్ టీమ్ ప్లేయర్" అంటాడు, ఎందుకంటే మీరేం చేశారో ఆయనకి నిజంగా గుర్తులేదు. ఆ రెండు మాటలతో ఎవరికీ మంచి రేటింగ్ రాదు.

కాబట్టి ఆ గదిలో ఆయన చదవాల్సింది మీరే రాసివ్వాలి. సెల్ఫ్ అప్రైజల్ ఫామ్ లో రెండు పేజీల వ్యాసం ఎలాగూ రాస్తారు, దాన్ని ఎవరూ పూర్తిగా చదవరు. దానికి తోడు ఐదే ఐదు లైన్లు వేరే మెయిల్ లో పంపండి. ప్రతి లైన్ లో ఏం చేశారు, దానివల్ల ఏం మారింది, రుజువు ఎక్కడుంది. "రాత్రి బ్యాచ్ జాబ్ 5 గంటల నుంచి గంటన్నరకి తగ్గించాను, జిరా టికెట్ నంబర్ ఇది, క్లయింట్ మెయిల్ జతచేశాను" లాంటిది. ఏడాది చివర కూర్చుంటే ఏదీ గుర్తురాదు, నెలకోసారి ఒక ఫైల్ లో రాసి పెట్టుకోండి. క్లయింట్ కాల్ లో ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడకుండా "ఇదే రెండు లైన్లు మెయిల్ లో పెట్టగలరా, మా మేనేజర్ ని కూడా సీసీ లో పెట్టండి" అని అడగండి, అడిగితే సాధారణంగా పెడతారు, కాల్ లో చెప్పిన థ్యాంక్స్ గాల్లో కలిసిపోద్ది. మీ పని ఆయన పేరుతో పీపీటీ లోకి వెళ్తుంటే గొడవ పెట్టుకునేకన్నా "డెమో నేను ఇస్తాను, ప్రశ్నలొస్తే నేను చెప్పగలను" అని ముందుకు రండి. పని రాని మేనేజర్ కి ప్రశ్నలంటే భయం, చాలాసార్లు ఒప్పుకుంటాడు.

ఇక్కడే ఇంకో మాట, గోల్స్ సెట్ చేసేటప్పుడు ఆయన ఎవరిదో కాపీ పేస్ట్ చేసి ఇస్తే ఊరికే యాక్సెప్ట్ కొట్టకండి. మీరు చెయ్యని పని మీద మీకు రేటింగ్ పడుద్ది. మీరే నాలుగు గోల్స్ రాసి "ఇవి పెట్టనా" అని పంపితే ఆయనకీ పని తగ్గుద్ది, దాదాపు ఎప్పుడూ సరే అంటాడు.

మాట బయటకి పోకుండా

ఆఫీస్ మెయిల్స్ సాక్ష్యం కోసం అని పర్సనల్ జీమెయిల్ కి ఫార్వర్డ్ చెయ్యకండి, దయచేసి. చాలా కంపెనీల్లో దాన్ని పట్టుకునే సిస్టమ్స్ ఉంటాయి, క్లయింట్ డేటా బయటకి పంపారని మీ ఉద్యోగమే పోవచ్చు, మేనేజర్ మాత్రం హాయిగా ఉంటాడు. తేదీ, ఏం జరిగింది, ఎవరున్నారు అని ఒక నోట్‌బుక్ లో చేత్తో రాసుకోండి, క్లయింట్ వివరాలు లేకుండా. టీమ్ వాట్సాప్ గ్రూప్ లో మేనేజర్ మీద జోకులు వద్దు, స్క్రీన్‌షాట్ ఎవరు తీస్తారో ఎప్పుడు తీస్తారో తెలీదు.

మేనేజర్ వేరే రాష్ట్రం మనిషైతే ఆయన ముందే తెలుగులో ఆయన గురించి మాట్లాడుకునే అలవాటు మనవాళ్ళలో బాగా ఉంది, అది మానెయ్యాలి. భాష రాకపోయినా పేరు, గొంతు, నవ్వు అర్థమవుతాయి, పైగా అది మర్యాద కాదు. ఇక మేనేజర్ మనోడే అయితే ఇబ్బంది ఇంకో రకం. ఒకే జిల్లా, "ఏరా తమ్ముడూ" అని భుజం మీద చెయ్యి, శనివారం రమ్మంటే అన్నకి కాదని ఎలా చెప్తాం అనిపిస్తుంది. అన్నా అనే పిలవండి, భోజనానికి కలిసే వెళ్ళండి, కానీ డేట్లు, లీవ్‌లు, వీకెండ్ పని మాత్రం మెయిల్ లోనే ఉండాలి. "అన్నా, శనివారం వస్తా, దానికి బదులు సెలవు, అదే కాంపాఫ్ కి మెయిల్ పెడుతున్నా, అప్రూవ్ చెయ్యి" అంటే బంధుత్వం ఏమీ తెగిపోదు.

పైకి ఎప్పుడు వెళ్ళాలి

పైన చెప్పినవి రెండు మూడు నెలలు నిజాయితీగా చేసి, అప్పటికీ పని మీద దెబ్బ పడుతుంటే స్కిప్ లెవెల్, అంటే మీ మేనేజర్ కి మేనేజర్, దగ్గరకి వెళ్ళొచ్చు. వెళ్ళినప్పుడు మనిషి గురించి కాకుండా పని గురించి మాట్లాడాలి. "ఆయనకి ఏమీ రాదు" అంటే మీరు కంప్లైంట్ చేసే మనిషిగా మిగులుతారు. "గత మూడు రిలీజ్ లలో స్కోప్ చివరి వారంలో మారింది, రెండిట్లో డేట్ తప్పింది, మాకు స్కోప్ ఫ్రీజ్ డేట్ కావాలి" అంటే ఆ పై మేనేజర్ చెయ్యగలిగిన పని ఒకటి అడిగినట్టు. ఏం కావాలో తెలియకుండా మాత్రం వెళ్ళకండి. టీమ్ అంతా గుంపుగా వెళ్తే తిరుగుబాటులా ఉంటుంది, పైవాళ్ళు ముందు మేనేజర్ వైపే నిలబడతారు. ఒక్కొక్కరు విడిగా, ఎవరి పని గురించి వాళ్ళు చెప్తే బరువు ఎక్కువ.

హెచ్‌ఆర్ కంపెనీ మనిషి, అది గుర్తుపెట్టుకుని వెళ్ళండి. ప్రాజెక్ట్ మార్పు, రేటింగ్ మీద అప్పీల్, పీఐపీ లో, అంటే పని బాలేదని గడువు పెట్టి మెరుగుపడమనే ప్లాన్ లో, పెట్టినప్పుడు టార్గెట్లు రాతలో అడగడం, వీటికి హెచ్‌ఆర్ పనికొస్తుంది. మేనేజర్ కి పని రాదు అన్నదానికి వాళ్ళు పెద్దగా చెయ్యగలిగింది లేదు. కానీ బూతులు, బెదిరింపులు, ఆడవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తించడం, ఇవి పని రాకపోవడం కిందకి రావు, వీటికి సర్దుకుపోవాల్సిన పని లేదు. లైంగిక వేధింపులైతే 2013 పాష్ చట్టం ప్రకారం 10 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే ప్రతి ఆఫీస్ లో ఇంటర్నల్ కమిటీ ఉండాలి, జరిగిన 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించొచ్చు. మేనేజర్ ద్వారా వెళ్ళక్కర్లేదు, నేరుగా కమిటీకే.

ఇక కుదరదు అనుకుంటే

కంపెనీ మంచిదై మేనేజర్ ఒక్కడే సమస్య అయితే ముందు లోపలే చూడండి, ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్స్ ఉంటాయి. ప్రాజెక్ట్ నుంచి రిలీజ్ అడిగితే "నువ్వు క్రిటికల్ రిసోర్స్" అని ఆపుతారు. అందుకే అడిగే ముందే ఇంకొకరికి మీ పని నేర్పించి, పని అప్పగించే కేటీ డాక్యుమెంట్ రెడీ చేసుకుని, "ఫలానా తేదీకి వీళ్ళు టేకోవర్ చేస్తారు" అని ప్లాన్ తోనే అడగండి. మీరు లేకపోతే ఆగిపోయే పని ఎంత ఎక్కువుంటే మీకు రిలీజ్ అంత కష్టం.

బయటకి వెళ్ళాలనుకుంటే కోపంలో పేపర్ వెయ్యకండి, అంటే రాజీనామా ఇచ్చెయ్యకండి. చాలా కంపెనీల్లో నోటీస్ 90 రోజులు, మీ ఆఫర్ లెటర్ లో బయౌట్, అంటే డబ్బు కట్టి నోటీస్ తగ్గించుకునే వీలు, ఉందో లేదో ముందు చదువుకోండి. మధ్యలో మానేసి వెళ్ళిపోతే రిలీవింగ్ లెటర్ రాదు, తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ లో పట్టేస్తుంది, పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో కూడా తేదీలు కనపడతాయి. పర్మనెంట్ ఉద్యోగులకి గ్రాట్యుటీ 5 ఏళ్ళ సర్వీస్ కి వస్తుంది కాబట్టి దానికి కొద్ది నెలల దూరంలో ఉంటే క్యాలెండర్ చూసుకుని కదలండి. అమెరికాలో హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉన్న మనవాళ్ళైతే ఇంకా జాగ్రత్త, ఉద్యోగం ఆగిపోయాక ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గ్రేస్ పీరియడ్, ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డ్, దాని గడువు అంతకన్నా ముందే ఉంటే అప్పటిదాకానే. అందుకని ముందు కొత్త ఎంప్లాయర్ చేత ట్రాన్స్‌ఫర్ పిటిషన్ ఫైల్ చేయించుకుని, ఆ రసీదు చూశాకే ఉన్న కంపెనీలో రాజీనామా ఇవ్వండి.

ఇంటర్వ్యూలో ఎందుకు మారుతున్నారు అంటే పాత మేనేజర్ పేరు ఎత్తొద్దు, "డెలివరీ ప్లానింగ్ ఇంకా క్రమంగా ఉండే టీమ్ లో పనిచెయ్యాలనుంది" అంటే అబద్ధం కాదు, చెడ్డమాటా కాదు. చివర్లో మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు జీతం గురించి కాకుండా, మీ మేనేజర్ కాబోయే మనిషినే అడగండి, "ఈమధ్య రిలీజ్ ఏదైనా లేట్ అయిందా, అప్పుడు క్లయింట్ కి ఏం చెప్పారు" అని. "మా టీమ్ కొంచెం స్లో" అంటే ఆఫర్ ఎంత పెద్దదైనా ఇంకోసారి ఆలోచించుకోండి. "నేనే తక్కువ ఎస్టిమేట్ ఇచ్చా, క్లయింట్ తో మాట్లాడి రెండు వారాలు తెచ్చుకున్నాం" అన్నారంటే ఆ టీమ్ లో చేరొచ్చు.